రాగిరేకు పెద్దమ్మ

పోయిన నెలలో నా బేస్ గిటారు మీద వాల్యూమ్ గుండీ తిప్పినప్పుడల్లా గరగరమంటుంటే, మద్రాసులో మౌంట్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. బల్ల వెనకాయన స్క్రూలు విప్పి, మూత పైకి లేపి, స్క్రూడ్రైవరు చేతిలో అట్లాగే పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. లోపల గోడలూ, అడుగూ, మూత వెనకవైపూ అంతా రాగిరేకు. ఎక్కడా ముడత లేదు. అంచు మీద అంచు వేసిన ప్రతిచోటా ఆవగింజంత సోల్డరింగ్ చుక్కలు, కుట్టు వేసినట్టు వరసగా.

“ఎవరు చేశారు మేడమ్ దీన్ని?” అని తమిళంలో అడిగాడు.

“మేం అద్దెకుండే ఇంట్లో పెద్దమ్మ.”

“గిటార్లు చేస్తారా ఆవిడ?”

“కాదు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేది.”

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. ఫోన్ తీసి లోపలిదంతా ఒక ఫొటో తీసుకున్నాడు. గుండీ మార్చి ఇచ్చేటప్పుడు, రేకు జోలికి తను పోలేదని రెండుసార్లు చెప్పాడు.

ఆ పెద్దమ్మ ఈ ఏడు వానలు మొదలవకముందే పోయింది. డెబ్భై దాటిన మనిషి, నాలుగు రోజుల జ్వరం, అంతే. షాపు నుంచి మాధవరం వచ్చేదాకా బస్సులో గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆమెనే తలుచుకుంటూ వచ్చాను. ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు నవ్వు వస్తుంది. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

మాది ఒంగోలు దగ్గర. ఉద్యోగం అంబత్తూరులో, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. మాధవరంలో పాల కాలనీ వైపు మేడ మీద పోర్షన్ దొరికింది. కింద ఇంటి ఓనరూ, ఆయన భార్యా, చిన్న కూతురూ, ఆయన తల్లీ ఉండేవాళ్ళు. ఎన్ని తరాల కిందట మద్రాసు వచ్చారో వాళ్ళకే తెలీదు. ఓనరు భార్యతో తమిళం, తల్లితో తెలుగు, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు. ఆ తల్లే ఈ పెద్దమ్మ.

నేను సామాను దింపుకున్న రోజే పైకి వచ్చింది. పలకరింపు లేదు. నేరుగా నా ఫ్రిజ్ దగ్గరికి పోయి, కుడిచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో దాన్ని అట్లా తాకింది.

“దీనికి ఎర్త్ లేదు,” అంది.

నాకేమీ అర్థం కాలేదు. ఆమే చెప్పింది. “అరచేత్తో తాకితే, కరెంటు ఉంటే చెయ్యి మూసుకపోతాది. ఇడిపించుకోలేవు. ఎనక పక్క తాకితే చెయ్యే ఎగిరి వచ్చేస్తాది. యా సామాను ముట్టుకున్నా అట్లానే ముట్టుకోవల్ల.”

తర్వాత నా దగ్గరికి వచ్చి, అదే చెయ్యి, అదే వెనకవైపు, నా బుగ్గకు ఆనించింది.

“నీకు ఉండాది. సరి,” అని కిందికి పోయింది.

అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ల యూనిట్లో ముప్పై ఏళ్ళ పైన పని చేసింది. ముందు తీగ చుట్టడం, తర్వాత టెస్టింగ్ బల్ల. తయారైన ప్రతిదానికీ కరెంటు ఇచ్చి, అది ఎట్లా మూలుగుతోందో విని, బాగుంటే ముద్ర కొట్టడం ఆమె పని. అంతకుమించి ఆమె చరిత్ర నాకు తెలీదు. ఎక్కడ పుట్టింది, పెళ్ళి ఎప్పుడయింది, ఏం కష్టాలు పడింది, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మేం మాట్లాడుకున్నదంతా వైర్ల గురించే.

పనికి కూర్చునే ముందు గాజులూ, ఉంగరమూ, మెళ్ళో గొలుసూ తీసి ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించేది. పని అంటే కరెంటు పనే కానక్కర్లేదు. చింతపండు పిక్క తియ్యడానికి కూర్చున్నా అంతే. పన్నెండూ పదికల్లా పెరుగన్నం తినేది, ఫ్యాక్టరీ సైరన్ ఇంకా మోగుతున్నట్టు. ట్యూబులైటు వెలుగుతున్న గదిలోకి వస్తే ముందు దాన్ని ఆర్పేది. దానంత సత్తం పెట్టే వస్తువు ఇంట్లో లేదనేది. సత్తం అంటే ఆమె భాషలో చప్పుడు.

‘ఎర్త్’ అనే మాట ఆమెకు మనుషులకు కూడా పనికొచ్చేది. టీవీలో ఒకాయన ఊగిపోతూ ఉపన్యాసమిస్తుంటే, “వీడికి ఎర్త్ లేదు,” అని ఛానెల్ మార్చేసేది. కోడలి తమ్ముడు ఏ వ్యాపారం మొదలుపెట్టినా ఆర్నెల్లలో మూసేస్తాడు. అతని గురించి ఎవరైనా మొదలుపెడితే, “మంచి బిడ్డే. ఎర్త్ ఒకటే తక్కువ,” అని ముగించేది.

ఇంకొక సంగతి ఉంది, దాన్ని నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆమె కాలింగ్ బెల్లుకు తలుపు తీసేది కాదు. పక్షి కూసినట్టు కూసే బెల్లు, వీధి దాకా వినపడేది. నేను మూడుసార్లు నొక్కి, విసిగి, తలుపు మీద గుప్పిట్తో దబదబా బాదితే అప్పుడు వచ్చి తీసి, “బెల్లు పాడయింది మే,” అనేది, నన్ను ‘మే’ అనే పిలిచేది. ఫోను పక్కనే మోగుతున్నా ఎత్తేది కాదు. కుక్కరు ఎన్ని కూతలు కూసినా లేచేది కాదు. ఒకరి పిలుపుకు లేవడం ఈ మనిషికి నామోషీ కాబోలు అనుకున్నాను.

ఇక గిటారు సంగతి. బేస్ గిటారంటే నాలుగే తీగలు, ఒక్కోటి లావుగా ఉంటుంది. పాట వింటున్నప్పుడు దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు, కానీ అది లేకపోతే పాట కాళ్ళు లేనట్టు ఉంటుంది. మా ఆఫీసులో బ్యాండు పెట్టినప్పుడు అందరూ మిగతావి పంచుకోగా నాకు మిగిలింది అదే. ఊరు మారిపోతున్న ఒక కొలీగ్ దగ్గర పాతది కొనుక్కుని, ఏడాది పాటు వేళ్ళు బొబ్బలెక్కేలా నేర్చుకున్నాను.

మొదటిసారి ఆఫీసు వార్షికోత్సవంలో మూడు పాటలు వాయించాను. చాలా బాగా వాయించానని నాకు నమ్మకం. మర్నాడు వీడియో చూస్తే అందులో నేను ఊగుతున్నాను, వేళ్ళు కదులుతున్నాయి, బేస్ మాత్రం లేదు. సౌండ్ చూసినతన్ని అడిగాను. “మీ లైన్లో ఒకటే గుర్రుమని వస్తోంది మేడమ్. అందుకని మొదటి పాటలోనే కట్ చేశాను,” అన్నాడు, ఏదో మేలు చేసినట్టు. రెండున్నర పాటలు నేను ఎవరికీ వినపడకుండా వాయించాను. బ్యాండులో మిగతావాళ్ళెవరూ ఆ తేడా గమనించలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

తర్వాత కొన్నాళ్ళకు ఒక శనివారం సాయంత్రం గదిలో వాయించుకుంటున్నాను. తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది. గొడవ చేస్తున్నానని తిట్టడానికి వచ్చిందనుకుని స్పీకరు తగ్గించబోయాను.

“తగ్గించబాక. నువ్వు వాయించేది బాగుండాది,” అంది. “దాని కింద ఇంకోటి ఉండాది చూడు, ఊరికే గుర్ర్‌మంటా. దాన్ని తీసెయ్.”

“అది పోదు పెద్దమ్మా. గిటారే అంత.”

“ఎవరు చెప్పినారు?”

ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఆమె పోయి ట్యూబులైటు ఆర్పింది. గుర్రు సగం తగ్గింది. నన్ను తీగల మీద చెయ్యి వెయ్యమంది. వేశాను, ఇంకా తగ్గింది. తియ్యమంది. తీశాను, మళ్ళీ పెరిగింది.

“చూసినావా. ఈ గదిలో వైర్లలో, లైట్లలో ఉండే సత్తాన్నంతా నీ ఒళ్ళు పట్టుకొచ్చి దాంట్లో పోస్తా ఉండాది. తీగలు పట్టుకుంటే నీకు ఎర్త్ దొరికి గమ్మునైపోతావు. తీగలకి ఎర్త్ బాగానే ఉండాది. లోపల ఏముందో చూడల్ల, విప్పు.”

విప్పాను. కొయ్యలో తొలిచిన గుంట, రెండు గుండీలు, సన్న వైర్లు. ఆమె వేలు పెట్టి గుంట గోడ గీకి చూసింది.

“ఒట్టి కొయ్య. రేకు లేదు, ఏం లేదు. ఇంత మనిషిని చొక్కా లేకుండా తిప్పతా ఉండావే,” అంది.

తర్వాతి శనివారం పొద్దున నన్ను అంబత్తూరు ఎస్టేట్‌కి తీసుకుపోయింది. ఆ రోజు గంజి పెట్టిన నూలుచీర కట్టింది, వాచీ పెట్టుకుంది. నేను రోజూ ఉద్యోగానికి పోయే దారే అది, కానీ అద్దాల బిల్డింగులు దాటి ఆ షెడ్లవైపు ఎప్పుడూ పోలేదు. లోపల ఇరవైమంది దాకా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందు ఒక చుట్టే మిషను, గుండ్రంగా తిరుగుతూ జుట్టంత సన్నటి రాగితీగ. మమ్మల్ని చూసి సూపర్‌వైజరమ్మ లేచి నిలబడింది. నలభై ఐదేళ్ళుంటాయి. పెద్దమ్మ దగ్గరే పని నేర్చుకుందట. ఆమె నిలబడేసరికి మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“కూచోండమ్మా, పని చూసుకోండి,” అని పెద్దమ్మ తమిళంలో అంది, కానీ చెప్పడం ఆలస్యంగానే చెప్పింది. ఆ నిలబడడం ఆమెకు నచ్చింది.

టెస్టింగ్ బల్ల మీద ఒక కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతోంది. పక్కన ముద్ర కొట్టి ఉంది. పెద్దమ్మ తల వంచి ఒక క్షణం విని, “దీంట్లో ఒక బోల్టు వదులుగా ఉండాది,” అంది. బల్ల దగ్గర కూర్చున్నావిడ మీటరు చూపించి అన్నీ సరిగ్గా ఉన్నాయంది. సూపర్‌వైజరమ్మ స్పానరు తీసుకుని నాలుగు బోల్టులూ తిప్పి చూసింది. మూడోది అరచుట్టు తిరిగింది. మూలుగు మారింది. నాకు కూడా తేడా తెలిసింది. పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

మిగిలిన రాగిరేకు ముక్కలు అడిగితే ఒక చుట్ట ఇచ్చారు, న్యూస్‌పేపర్లో చుట్టి, గేటు దగ్గర చూపించడానికి చీటీ రాసి.

ఆదివారం పొద్దున మా గది నేల మీద చాప వేసుకుని కూర్చున్నాం. గాజులు డబ్బాలోకి పోయాయి. ఆమె కాగితం మీద గుంట కొలతలు గీసి, రేకును కత్తిరించి, జిగురు రాసి అంటించి, స్పూను వెనకవైపుతో నున్నగా రుద్దింది. గోడలకు ఐదు ముక్కలు, అడుక్కి ఒకటి, మూత వెనక ఒకటి. ముక్కకీ ముక్కకీ మధ్య ఒక సన్నటి కాగితం పెట్టింది. ఎందుకని అడిగితే, “అట్లానే పెట్టల్ల,” అంది. అడుగు ముక్కను ఎర్త్ వైరుకు సోల్డరింగ్ చేసి మూత బిగించాం. నేను తీగ మీటాను.

గుర్రు ఎంతుందో అంతే ఉంది.

పెద్దమ్మ నా చేతిలోంచి వైరు తీసుకుని, పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ట్యూబులైటు వేసి ఆర్పింది. తర్వాత లేచి, గాజుల డబ్బా చంకలో పెట్టుకుని కిందికి పోయింది. మధ్యాహ్నం పెరుగన్నం తినలేదని కోడలు వచ్చి చెప్పింది. “ఏం చెప్పావు అత్తయ్యకి?” అని నన్నే అనుమానంగా చూసింది. నాకు గిటారు సంగతి పోయి, పెద్దామెను ఇందులోకి ఎందుకు లాగానా అనిపించింది.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు తలుపు తట్టింది.

“ట్రాన్స్‌ఫార్మర్‌లో కూడా ఇట్లానే రేకు చుడతాం,” అంది లోపలికి వస్తూనే. “ఆడ చుట్టు కలవగూడదు. కలిస్తే కాలిపోతాది. ఆ కొసకీ ఈ కొసకీ నడమ కాగితం పెట్టేదే ముప్పై ఏళ్ళు నా పని. కొత్తగా వచ్చిన పిల్లలకి అదే మొదట నేర్పిస్తా. రాత్రంతా దాన్నే ఆలోచన చేస్తి. ఇది ట్రాన్స్‌ఫార్మర్ కాదు మే. ఇది డబ్బా. డబ్బాకి సందు ఉండగూడదు. నేను ఐదు గోడలు కట్టి దేనికీ దేంతోనూ సంబంధం లేకుండా చేసినా.”

ఆ చెప్పడంలో సిగ్గు లేదు. తప్పు ఎక్కడుందో దొరికిన సంతోషం మాత్రమే ఉంది. నేను తప్పులు వెతికి జీతం తీసుకునే మనిషిని. నా తప్పు దొరికినప్పుడు ఒక్కసారి కూడా అంత సంతోషపడలేదు.

కాగితాలన్నీ పీకేసింది. అతుకు అతుకుకీ సోల్డరింగ్ చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. అన్ని ముక్కలూ ఒకదానితో ఒకటి కలిశాయో లేదో చూడడానికి నా దగ్గర చిన్న మీటరు ఉంది, రెండు సూదులూ రెండు చోట్ల పెడితే, కలిసి ఉంటే కీమని అరుస్తుంది. సూదులు ఆమె పట్టుకుంది. ప్రతిసారీ తలెత్తి, “మోగిందా?” అని నన్ను అడిగింది.

“మోగింది పెద్దమ్మా.”

“ఇప్పుడు?”

“మోగింది.”

నాకు పని నేర్పడానికి అట్లా అడుగుతోందనుకున్నాను. ఫ్యాక్టరీలో పిల్లలకు నేర్పిన అలవాటు కదా.

మూత బిగించి స్పీకరు పెట్టాం. నిశ్శబ్దం. పూర్తి నిశ్శబ్దం. పెద్దమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

“చూడు. ఒక్క సత్తం ఉండాదా?”

నేను లావు తీగ మీటాను. మళ్ళీ మీటాను.

“పెద్దమ్మా, నాది కూడా లేదు.”

ఆమె నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వేది ఆమె. అట్లా నవ్వుతూ చాప మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకుంది. వైరు గుచ్చే చోట లోపలి కొన రేకును తాకుతోంది. అక్కడ రెండు పొరలు టేపు వేసింది. ఈసారి మీటితే, కిటికీ అద్దం సన్నగా అదిరింది. చెయ్యి తీస్తే ఏమీ లేదు. చాలా దగ్గరికి పోయి వింటే ఎక్కడో ఒక చిన్న మూలుగు.

“అది రేకుకి ఆగేది కాదు. అది అయస్కాంతం దారిన వచ్చేది. ఆ రెండు గుండీలూ నిండా తిప్పు.”

తిప్పాను. అదీ పోయింది.

“తీగల కింద అయస్కాంతాల మీద రెండు రాగి చుట్టలు ఉండాయి, గుండీకొకటి, ఎదురెదురుగా చుట్టినారు. ఒకదాన్నొకటి కొట్టేస్తా ఉండాయి. చుట్టినోళ్ళకి పని తెలుసు,” అని, ఎవరో తెలియని ఆ చుట్టినవాళ్ళను మెచ్చుకుంది.

తర్వాత ఆమె చేసిన పని నాకు వింతగా అనిపించింది. స్పీకరు పెట్టెకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని, “వాయించు,” అంది.

“నాకు పూర్తి పాటలు రావు పెద్దమ్మా. కింద వాయించే ముక్కలే వచ్చు. ఒక్కటే వింటే ఏమీ ఉండదు.”

“గమ్మున వాయించు.”

అరగంట వాయించాను. నాలుగు స్వరాలు అటూ ఇటూ తిరిగే ముక్కలు. ఆమె కళ్ళు మూసుకుని వింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది, అట్లాగే కూర్చునేది. నా బ్యాండువాళ్ళే నన్ను అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

రెండో వార్షికోత్సవానికి ఆమెను పిలిచాను. అదే హాలు, సౌండ్ దగ్గర అదే మనిషి. నా వైరు గుచ్చుతూనే, “మేడమ్, పోయినసారి మీ లైనే కదా,” అంటూ వేలు మ్యూట్ బటన్ మీద పెట్టాడు. పెద్దమ్మ పోయి అతని పక్కన నిలబడింది.

“సౌండ్ ఎత్తు,” అంది తమిళంలో.

అతను కొంచెం ఎత్తాడు.

“ఇంకా ఎత్తు.”

ఇంకొంచెం ఎత్తాడు. ఏమీ వినపడలేదు. ఇంకా ఎత్తి, వైరు అసలు గుచ్చారా లేదా అని వంగి చూశాడు. “గుచ్చింది,” అని అతనికి చెప్పి, “నువ్వు ఒక్కసారి మీటు మే,” అని పెద్దమ్మ నాకు సైగ చేసింది. మీటాను. ముందు వరసలో కుర్చీ మీద పెట్టిన నీళ్ళ సీసా కదిలి కింద పడింది. అతను ఆదరాబాదరాగా తగ్గించి, నావైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆ రోజు మూడు పాటలూ పూర్తిగా నేనున్నాను. దిగి వస్తుంటే మా డ్రమ్స్ అబ్బాయి, “ఇవాళ నువ్వు కొత్తగా ఏం చేశావు?” అని అడిగాడు. కొత్తగా ఏమీ చెయ్యలేదు.

కార్యక్రమం అయ్యాక హాలు వరండాలో మెట్ల మీద కూర్చుని సాంబారన్నం పొట్లాలు తింటున్నాం. ఆ రోజు పాడిన అమ్మాయి గొంతు చాలా సన్నగా, పైకి పోతుంది, అందరూ ఆమె చుట్టూ మూగి ఉన్నారు.

“ఎట్లా పాడింది పెద్దమ్మా?” అన్నాను.

“ఆ పిల్ల ఎట్లా పాడిందో నాకు తెలీదు మే. నాకు వినపడింది నువ్వొక్కదానివే.”

మెచ్చుకుంటోందని సిగ్గుపడి తల వంచుకున్నాను. ఆమె పొట్లం పక్కన పెట్టింది.

“మెప్పు కాదు. నిజంగానే వినపడలేదు. నా చెవుల్లో సన్న సత్తాలన్నీ పోయినయి. డాక్టరు ఎప్పుడో చెప్పినాడు. ఫోను, బెల్లు, కుక్కరు, నీ మీటరు, ఏదీ తెలీదు. లావు సత్తాలు మిగిలినయి. ట్రాన్స్‌ఫార్మరు, బస్సు, పెద్దోళ్ళ మాట, నీ గిటారు.”

బాదిన తలుపులూ, “మోగిందా?” అన్న మాటలూ అన్నీ గుర్తొచ్చాయి.

“ఇంట్లో తెలుసా?”

“ఎవురికీ తెలీదు. బల్ల దగ్గర ఉన్నప్పుడు చెప్తే బల్ల తీసేస్తారని చెప్పలా. తర్వాత చెప్పేదానికి ఏదో మాదిరి సిగ్గుగా ఉండింది. నువ్వూ చెప్పబాక.”

“చెవికి మిషను పెట్టుకుంటే వినపడుతుంది కదా పెద్దమ్మా.”

“చూద్దాం,” అంది. ఆమె ‘చూద్దాం’ అంటే కాదని. తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

“పోయిన సత్తాల్లో ఏదీ నాకు అక్కర్లా,” అంది పొట్లం మళ్ళీ అందుకుంటూ. “ఆ బిడ్డ మాట ఒకటే.”

బిడ్డ అంటే మనవరాలు. ఏడేళ్ళది, బడి నుంచి రాగానే సన్నటి గొంతుతో గడగడా తమిళమూ తెలుగూ కలిపి చెప్పుకుపోయేది. పెద్దమ్మకు అందులో ఒక్క ముక్క అందేది కాదు. అందుకని ఏం చెప్పినా తల ఊపి, “సరి సరి, తిన్నావా?” అనేది. కొన్నాళ్ళకు ఆ పిల్ల చెప్పడం మానేసింది. ఒకసారి మేడ మీదికి వచ్చినప్పుడు నాతోనే అంది, “అవ్వకి నేను చెప్పేది బోరు.”

చెప్పనని మాటిచ్చాను. మాట తప్పలేదు. కానీ ఆ వారంలో పిల్ల పైకి వచ్చినప్పుడు గిటారు లావు తీగ మీటి, “దీని గొంతు ఎట్లా ఉంది?” అని అడిగాను.

“కరడి మాదిరి,” అంది. కరడి అంటే ఎలుగుబంటి.

“మీ అవ్వకి ఆ గొంతంటే చాలా ఇష్టం. ఆ గొంతుతో, మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పి చూడు. మామూలు గొంతుతో చెప్తే ఆమె పలకదు. అది ఆట.”

పిల్ల అక్కడే గడ్డం గుండెకు ఆనించి రెండు మూడుసార్లు సాధన చేసి, కిందికి పరుగెత్తింది. నేను మెట్ల మీద, సగం దూరంలో నిలబడ్డాను. కింద వరండాలో పెద్దమ్మ చింతపండు ముందు పెట్టుకుని కూర్చుంది. పిల్ల ఎదురుగా పోయి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, కడుపులోంచి ఆ గొంతు తీసింది.

“అవ్వా. నా పక్కన. కూర్చునే పిల్లకి. పన్ను ఊడింది.”

“సరి సరి, తిన్...” అంటూ ఆగిపోయింది పెద్దమ్మ. చేతిలో చింతపండు చేతిలోనే ఉంది.

“పన్నా? యా పన్ను? పైదా, కిందిదా?”

“కిందిది,” అని పిల్ల మామూలు గొంతుతో అనేసి, నాలిక కరుచుకుని, మళ్ళీ ఎలుగుబంటి అయింది. “కిందిది. దాన్ని. జేబులో పెట్టుకుంది.”

“జేబులో ఎందుకు పెట్టుకునింది?”

“వాళ్ళ అమ్మకి. చూపించడానికి. కానీ. లంచ్‌లో. పోయింది.”

“యాడ పోయింది?”

లోపలి నుంచి కోడలు వచ్చి, “ఏమే ఆ గొంతు? గొంతు పాడైపోతుంది, సరిగ్గా మాట్లాడు,” అని పిల్లను కసిరింది.

“ఉండనీ,” అంది పెద్దమ్మ. “బిడ్డ బాగా మాట్లాడతా ఉండాది. నువ్వు చెప్పు నాయనా. పన్ను యాడ పోయింది?”

పిల్ల పీట లాక్కుని అవ్వకు ఎదురుగా కూర్చుంది. పన్ను పోవడం, క్లాసంతా బెంచీల కింద వెతకడం, చివరికి అది సాంబారు డబ్బాలో దొరకడం, ఇదంతా ఎలుగుబంటి గొంతుతో పూర్తయ్యేసరికి వీధి లైట్లు వెలిగాయి. నేను మెట్ల మీదే కూర్చుని మొత్తం విన్నాను.